క్లోరిన్ ఐసోటోపులు 35, 37 అయితే సగటు 36 రావాలి కదా, ఆవర్తన పట్టికలో 35.45 ఎందుకుంది?

ఐసోటోపులంటే ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య వేరుగా ఉన్న పరమాణువులు. రెండూ సమానంగా దొరికితే మీ 36 సరైనదే. కానీ ప్రకృతిలోని క్లోరిన్‌లో క్లోరిన్-35 వాటా 75.76 శాతం, క్లోరిన్-37 వాటా 24.24 శాతం. నాలుగు పరమాణువులు తీస్తే సుమారు మూడు తేలికవే కాబట్టి సగటు 35 వైపు జరుగుతుంది. అంతేగానీ 35.45 ద్రవ్యరాశి ఉన్న పరమాణువు ఎక్కడా ఉండదు, సగం న్యూట్రాన్ అనేదీ లేదు.

ఒక్కో ఐసోటోపు ద్రవ్యరాశిని దాని వాటాతో గుణించి కూడాలి:

34.969 × 0.7576 = 26.4925
36.966 × 0.2424 = 8.9606
మొత్తం 35.4531

ఐసోటోపులు రెండే ఉంటే దగ్గరి దారి ఉంది. తేలికదాని ద్రవ్యరాశికి, రెండింటి తేడాలో బరువైనదాని వాటా కలపండి: 34.969 + 0.2424 × 1.997. జవాబు అదే. సగటు ఇచ్చి శాతాలు అడిగినా ఇదే పద్ధతి తిరగేస్తే చాలు: (35.453 − 34.969) ÷ 1.997 = 0.2424. మెగ్నీషియంలా మూడు ఐసోటోపులుంటే (24, 25, 26) సగటు ఒక్కటే తెలిస్తే సరిపోదు, ఏదో ఒకదాని వాటా కూడా ఇవ్వాలి.

ఎక్కువమంది తప్పేది అసలు ద్రవ్యరాశి బదులు ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) వేయడం దగ్గర. 34.969 బదులు 35, 36.966 బదులు 37 వేస్తే 35.48 వస్తుంది, రెండో దశాంశం పాడైపోతుంది. పాఠాల్లో కనిపించే 35.5 కూడా ఇలా 35, 37లను 75:25గా తీసుకున్నదే. బడి లెక్కకు పరవాలేదు, ప్రయోగశాలకు పనికిరాదు. శాతాన్ని 100తో భాగించడం మరిచిపోతే జవాబు 3,545 వస్తుంది, అది ఎలాగూ కంటపడుతుంది. వాటాలన్నీ కలిపితే 1 అవుతోందా, జవాబు అతి తేలిక, అతి బరువు ఐసోటోపుల మధ్యనే ఉందా అని చూసుకోండి.

సగటుకు దగ్గరి పూర్ణసంఖ్యే ఎక్కువగా దొరికే ఐసోటోపు అనుకోవడం మరో పొరపాటు. బ్రోమిన్ సగటు 79.904, కానీ సహజ బ్రోమిన్‌లో బ్రోమిన్-80 లేదు. 79, 81 దాదాపు చెరిసగం ఉంటాయి.

ఇక ఈ వాటాలు అన్నిచోట్లా ఒకటే అనుకోకండి. యురేనియం, థోరియం క్షీణిస్తే చివరకు మిగిలేది సీసం కనుక, ఖనిజాన్ని బట్టి సీసం పరమాణు భారం (అంటే ఈ సగటు) మారుతుంది. 1914లోనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త రిచర్డ్స్ దీన్ని కొలిచి చూపించాడు. అందుకే రసాయనశాస్త్ర ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఐయుపాక్ కొన్ని మూలకాలకు ఒకే విలువ కాకుండా కనిష్ఠ, గరిష్ఠ విలువల అవధి ఇస్తుంది: బోరాన్‌కు 10.806 నుంచి 10.821, లిథియంకు 6.938 నుంచి 6.997. లిథియం విషయంలో మరీ జాగ్రత్త. అణు అవసరాల కోసం లిథియం-6ను వేరు చేశాక మిగిలినది కూడా మార్కెట్‌లోకి వచ్చింది, దాని సగటు పట్టికలోని 6.94 కంటే ఎక్కువ. కచ్చితమైన ద్రావణం చేయాలంటే సీసా లేబుల్ మీద వేరే పరమాణు భారం ఇచ్చారేమో చూసి ఆ అంకెనే వాడండి.