దేవుణ్ణి ప్రశ్నిస్తే అవిధేయత అవుతుందా?

ప్రశ్న: బలులు అర్పించడం కంటే దేవుని మాట వినడమే శ్రేష్ఠమని పాత నిబంధనలో చదివాను. చెప్పినదాన్ని మారుమాట లేకుండా చేయడమే విధేయత అనుకోవాలా? ప్రశ్నించడం తప్పా?

జవాబు: తప్పు కాదు. మీరు చదివిన మాట సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయంలోనిది. అమాలేకీయులకు చెందినదేదీ మిగల్చవద్దన్న ఆజ్ఞతో యుద్ధానికి వెళ్లిన ఇశ్రాయేలు రాజు సౌలు, వారి రాజు అగగును ప్రాణాలతో పట్టుకొని, మందలలో మంచివాటిని ఉంచుకొని, పనికిరానివాటిని మాత్రం నాశనం చేశాడు. ప్రవక్త సమూయేలు ఎదురుపడగానే, యెహోవా ఆజ్ఞను నెరవేర్చానని తానే ముందుగా చెప్పుకొన్నాడు. అలాగైతే తన చెవిన పడుతున్న ఈ గొర్రెల అరుపులు, ఎడ్ల రంకెలు ఏమిటని ప్రవక్త అడిగితే, బలి అర్పించడానికి ప్రజలు వాటిని తెచ్చారన్నాడు. ఆ ఆజ్ఞలోని కాఠిన్యం నేటి పాఠకులను కలచివేస్తుంది, కలచివేయాలి కూడా. అయితే సౌలును ఆపినది జాలి కాదు, జాలే అయితే బక్కచిక్కిన పశువులనూ వదిలేవాడు. అతడు దేవుణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు; తనకు నచ్చినంత చేసి, మిగిలినదానికి ఆరాధన అని పేరు పెట్టాడు.

అబ్రాహామును చూడండి. కుమారుడు ఇస్సాకును బలి ఇమ్మన్నప్పుడు మోరీయా దేశానికి మాట్లాడకుండా ప్రయాణమైన ఆయనే, అంతకు ముందు, దేవుడు నాశనం చేయబోతున్న సొదొమ పట్టణం విషయంలో, దుష్టులతో పాటు నీతిమంతులను కూడా నాశనం చేస్తావా అని దేవుణ్ణి నిలదీసి, 50 మంది నీతిమంతులున్నా ఆ ఊరిని విడిచిపెట్టమని మొదలుపెట్టి 10 మంది వరకు బతిమాలాడు. దేవుడు కోపగించుకోలేదు, ప్రతిసారీ జవాబిచ్చాడు.

నా దృష్టిలో ఇంతకంటే బలమైన సాక్ష్యం సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో ఉంది. కుమారులు లేకుండా చనిపోయిన సెలోపెహాదుకు అయిదుగురు కుమార్తెలు. వారు ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గర మోషే, యాజకుడైన ఎలియాజరు, ప్రధానులు, సర్వసమాజం ఎదుట నిలబడి, కొడుకు లేనంత మాత్రాన తమ తండ్రి పేరు వంశంలో నుండి ఎందుకు చెరిగిపోవాలని అడిగి, తమకూ స్వాస్థ్యం, అంటే వారసత్వ భూమి, ఇమ్మన్నారు. మోషే తానే తీర్పు చెప్పకుండా ఆ మాటను యెహోవా సన్నిధికి తీసుకువెళ్లాడు. వారు చెప్పినది సరైనదేనని జవాబు వచ్చింది. కుమారులు లేనివారి స్వాస్థ్యం కుమార్తెలకు చెందాలన్నది ఇశ్రాయేలీయులందరికీ కట్టడ, అంటే చట్టం, అయింది.

తరువాత 36వ అధ్యాయంలో, ఆ భూమి మరో గోత్రానికి పోకుండా వారు తమ గోత్రంలోనే పెళ్లి చేసుకోవాలన్న షరతు వచ్చింది. యెహోవా మోషేకు ఆజ్ఞాపించినట్లే సెలోపెహాదు కుమార్తెలు చేశారని ఆ గ్రంథం అక్కడ నమోదు చేసింది.