సమాధానం: మన్‌హాటన్ ప్రాజెక్ట్ చార్ట్‌లో పాష్‌ను ఎక్కడ పెట్టాలి?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా అణుబాంబు తయారుచేసిన మన్‌హాటన్ ప్రాజెక్ట్‌లో ఎవరు ఎవరి కింద పనిచేశారో చూపే మీ సెమినార్ చార్ట్‌లో పాష్‌ను ఎక్కడ పెట్టాలని అడిగారు. లాన్స్‌డేల్, పాష్, గౌడ్‌స్మిత్‌లను ఒకే గడిలో పెట్టడం వల్లే అది కుదరడం లేదు. మన రహస్యం కాపాడటం ఒక పని, శత్రువు రహస్యం తెలుసుకోవడం వేరే పని. ఆ రెండు గీతలూ ప్రాజెక్ట్ అధిపతి జనరల్ గ్రోవ్స్ దగ్గరే కలుస్తాయి.

1. పైన గ్రోవ్స్. 1942 సెప్టెంబర్ నుంచి బాధ్యత ఆయనదే.

2. ఎడమవైపు భద్రత: లాన్స్‌డేల్. ఈయన మొదట సైనిక ఇంటెలిజెన్స్ విభాగంలో ఉన్నారు, తర్వాత గ్రోవ్స్ కిందికి వచ్చారు. బాణం గుర్తు వేయండి.

3. కుడివైపు ఆల్సోస్ మిషన్ (జర్మనీ అణు పని ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి యూరప్ వెళ్లిన బృందం): సైనిక నాయకుడు పాష్, శాస్త్ర నాయకుడు గౌడ్‌స్మిత్.

4. పాష్ పేరు రెండుసార్లు రాయాలి: కుడివైపు ఆల్సోస్‌లో, ఎడమవైపు భద్రతలో కూడా. 1943లో కాలిఫోర్నియాలో ప్రాజెక్ట్ పని జరిగిన బర్క్‌లీ ల్యాబ్‌లో గూఢచర్యంపై విచారణ చేసింది ఆయనే. అప్పుడు ఆయన పశ్చిమ తీర సైనిక కమాండ్ మనిషి.

చాలామంది వదిలేసేది ఒకటుంది: గౌడ్‌స్మిత్ పేరు పక్కన "బాంబు పనిలో లేరు" అని తప్పకుండా రాయండి. ఆయన రాడార్ పని నుంచి వచ్చిన భౌతిక శాస్త్రవేత్త. అణుశాస్త్రం తెలుసు, బాంబు వివరాలు తెలియవు. పట్టుబడినా జర్మన్లకు చెప్పడానికి ఏమీ ఉండదు. ఎంపికలో ఇది పెద్ద కారణం. 1944 నవంబర్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో కొవ్వొత్తి వెలుగులో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త వైట్సెకర్ కాగితాలు చదివి, జర్మనీ దగ్గర బాంబు లేదని తేల్చింది ఈయనే. నాకైతే ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం గౌడ్‌స్మిత్‌ను ఎంచుకోవడమే అనిపిస్తుంది.

5. ఎవరికి ఎంత తెలుసో ఇంకో రంగులో గుర్తించండి. అధికార గీతలు, సమాచార గీతలు ఒకటి కావు.