మిడతలు పెంచబోయే మా అమ్మాయికి

బంగారం,

నీ ఎమ్మెస్సీ పరిశోధన సినాప్సిస్ (ఏం చేస్తావో రాసిన ప్రణాళిక) చదివాను. వరి, జొన్న, మొక్కజొన్న, గరిక వేసి వరి మిడత ఎలా పెరుగుతుందో, ఎన్ని గుడ్లు పెడుతుందో చూస్తానన్నావు. టాపిక్ పాతదే, అయినా బాగుంది. కానీ ఈ వరి మిడతకి, అదే హైరోగ్లైఫస్ బనియన్‌కి, ఏడాదికి ఒకటే తరం అని గుర్తుపెట్టుకో. తొలకరికి గట్లల్లో గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చే రోజుల్లో నువ్వు ఎవరి పెళ్లికో వెళ్లావంటే, మళ్లీ వచ్చే ఏడు దాకా ఖాళీ బోనులు చూసుకుంటూ కూర్చోవాల్సిందే. బోనులు మే నెలలోనే సిద్ధం చేసుకో. లోపల పుల్లలు నిలబెట్టు, కుబుసం విడిచేటప్పుడు అవి తలకిందులుగా వేలాడాలి. ఇరుకైతే ఒకదాన్నొకటి తినేస్తాయి కూడా.

నా సంగతి చెప్తాను, నవ్వకు. ఎమ్మెస్సీలో నేను వరిని కుండీతో సహా బోనులో పెట్టాను, జొన్న మాత్రం పెద్ద మొక్క కదా అని పొద్దున్నే ఆకులు కోసుకొచ్చి పడేసి సాయంత్రం దాకా అటు చూసేవాణ్ణి కాదు. జొన్న బోనులో పిల్లలు ఎదగలేదు, సగం చచ్చిపోయాయి. ‘జొన్న అనుకూలం కాదు’ అని నోట్‌బుక్‌లో దర్జాగా రాసుకున్నాను. ఓ మధ్యాహ్నం మా సార్ వచ్చి, బోనులో చెయ్యి పెట్టి ఒక ఆకు తీసి పిడికిట్లో నలిపారు. అప్పడం నలిగినట్టు చప్పుడైంది. ‘ఇది జొన్నా?’ అని ఒక్క మాటని వెళ్లిపోయారు. రెండు నెలల లెక్కలు గంగలో కలిశాయి.

అందుకే చెప్తున్నా, నువ్వు ఏ మొక్క వేశావో కాదు, ఏ ఆకు వేశావో రాసుకో. కొమ్మను నీళ్ల సీసాలో పెట్టి మూతి దూదితో బిగించు, లేకపోతే పిల్లలు అందులో పడి చస్తాయి. రోజుకి రెండుసార్లు మార్చు. ఎంత తిన్నదీ తూచేటప్పుడు మిడత లేని బోనులో కూడా ఒక ఆకు ఉంచి తూచు, ఆరిపోయి తగ్గిన బరువును మిడత తిన్నట్టు లెక్కేస్తారు చాలామంది. ఇక ఆకు వయసు. లేత జొన్నలో సైనైడ్ పుట్టించే విషం ఉంటుంది, మేసిన గేదెలు పడిపోవడం మనూళ్లో ఎవరినడిగినా చెప్తారు. వలస మిడత కూడా లేత జొన్నను కొరికి వదిలేస్తుంది, అదే మొక్క ముదిరాక తింటుంది. మరోపక్క గడ్డి జాతి ఆకుల్లో సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) ఎక్కువుంటే గరుకుదనం పెరుగుతుంది, తిన్నదాంట్లో నత్రజని ఒంటికి సరిగా పట్టదు. కాబట్టి నాలుగు మొక్కలూ ఒకే మట్టిలో, ఒకే ఎరువుతో, విత్తిన తేదీ రాసుకుని పెంచు.

ఎరువంటే గుర్తొచ్చింది. నత్రజని ఎక్కువుంటే మిడత బాగా పెరుగుతుందని నీ సినాప్సిస్‌లో తేల్చేశావు, ఆ వాక్యం తీసెయ్. ఇన్నర్ మంగోలియాలో ఓడేలియస్ ఏషియాటికస్ అనే మిడత నత్రజని తక్కువున్న గడ్డి మీదే బాగా పెరిగిందని, పశువుల్ని అతిగా మేపిన బీళ్లలో గడ్డి అలాగే తయారై మిడతలకు కలిసొచ్చిందని ఏరియన్ సీజ్ అనే శాస్త్రవేత్త బృందం 2012లో సైన్స్ పత్రికలో చూపించింది. ఆకులో నత్రజని అంటే చాలావరకు మాంసకృత్తులే. మిడతకి ఆ మాంసకృత్తులూ పిండిపదార్థాలూ తనకు సరిపడే పాళ్లలో కావాలి. మాంసకృత్తులు తక్కువైన ఆకుని, ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కువ తింటుంది. ఎక్కువ మేసింది కదా అని మంచి ఆకు అనుకోకు. ఎన్ని రోజులకి రెక్కలొచ్చాయి, ఎన్నిసార్లు కుబుసం విడిచింది (పనికిరాని తిండి మీద ఒక్కోసారి ఒకటి ఎక్కువే విడుస్తుంది), అప్పటి బరువెంత, ఇవి ఆడా మగా విడివిడిగా రాయి. వీలైతే అన్ని ఆకులూ కలిపిన ఐదో బోను ఒకటి పెట్టు, దాన్నుంచే ఆసక్తికరమైన ఫలితం రావచ్చు.

గుడ్ల దగ్గర మరీ ఓపిక కావాలి. ఎగ్ పాడ్‌లు (మిడత ఒకేసారి పెట్టే గుడ్ల గుత్తులు) లెక్కపెట్టి ఊరుకోకు, ఒక్కోదాంట్లో గుడ్లెన్ని, వాటిలో పగిలి పిల్లలైనవెన్ని చూడు. తిండి చాలకపోతే ఆడమిడత తయారవుతున్న గుడ్లను మళ్లీ తన ఒంట్లోకే పీల్చేసుకుంటుంది. చనిపోయినవాటిని పారెయ్యకుండా కోసి చూస్తే అండాశయంలో చిన్న రంగు మచ్చలుగా ఆ ఆనవాళ్లు దొరుకుతాయి. పెట్టని గుడ్ల లెక్క కూడా నీ చేతికొస్తుందన్నమాట.

నీకు గుర్తుందా, 2020 మేలో అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్ల మీద మిడతల గుంపు చూసి ఎడారి మిడతల దండు వచ్చేసిందని అందరూ టెన్షన్ పడ్డారు? అవి జిల్లేడు మిడతలు. జిల్లేడులోని విషాన్ని ఒంట్లో దాచుకుని, పట్టుకోబోతే చిమ్ముతాయి. తినే మొక్కే ఆయుధమైన పురుగు అది. పీహెచ్‌డీకి దాని సంగతి ఆలోచిద్దాం.

గుడ్లు పెట్టడానికి నాలుగైదు అంగుళాల లోతు డబ్బాలో ఇసుక పోయి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, నీళ్లు కారకూడదు. ముందు ఆ ఇసుకని బాగా వేయించు, లేకపోతే గుడ్లకు బూజు పడుతుంది. వేయించడానికి పాత పెనం ఒకటి కొనుక్కో. నేను మీ పెద్దమ్మ దోసెల పెనం వాడాను, ముప్ఫై ఏళ్లయినా ఇంకా మాటలు పడుతున్నాను.

మీ పెదనాన్న