నీటిరంగుల చిత్రాల్లో స్త్రీల సంప్రదాయ వస్త్రధారణ సాంస్కృతిక గుర్తింపుగా ఎలా నిలుస్తుంది?

చిత్రంలోని స్త్రీ ఏ నేలకు చెందినదో ముఖకవళికల కన్నా ముందుగా ఆమె కట్టు చెబుతుంది. వంగ విభజన, స్వదేశీ ఉద్యమాల కాలంలో, 1905లో అవనీంద్రనాథ్ ఠాగూర్ నీటిరంగులతో చిత్రించిన 'భారతమాత' ఇందుకు గొప్ప ఉదాహరణ. రవివర్మ తైలవర్ణ చిత్రాల్లోని జరీచీరల తళుకు ఇక్కడ లేదు. సన్యాసినిని తలపించే కాషాయ వస్త్రం, నాలుగు చేతుల్లో పుస్తకం, వరికంకులు, జపమాల, తెల్లని వస్త్రం ఉన్నాయి. విదేశీ వస్త్రాలను బహిష్కరిస్తున్న రోజుల్లో ఆ తెల్లని వస్త్రమే, నా దృష్టిలో, అన్నిటికన్నా బలమైన సంకేతం. జపాన్ చిత్రకారుల పరిచయంతో అలవడిన వాష్ పద్ధతిలో, పలుచని రంగును పొరలుపొరలుగా వేస్తూ కాగితాన్ని నీటితో తడపడం వల్ల, వస్త్రపు అంచులు నేపథ్యంలోకి మెత్తగా కలిసిపోయి, ఆమె ఒక వ్యక్తిగా కాక ఒక భావనగా కనిపిస్తుంది.