జపాన్ 100 యెన్ షాపులో బిల్లు డబుల్ ఎందుకైంది

డాలస్‌లో ఉన్న జపాన్ 100 యెన్ షాపులో 9 వస్తువులు కొంటే, గోడ మీద రేటుతో వేసుకున్న లెక్కకి బిల్లు డబుల్ వచ్చిందని అడిగారు కదా. మీరు గోడ మీద చూసింది బేస్ రేటు అండి, అంటే వేరే రేటు వేయని మామూలు వస్తువుల రేటు, షాపులో అన్నిటికీ అదే కాదు. 9 వస్తువులకీ అదే రేటు వేసుకుని లెక్క కట్టారు కాబట్టి బిల్లు డబుల్ అనిపించింది, కౌంటర్లో తప్పు కొట్టినట్టు లేదు.

అందరూ మిస్సయ్యేది ఒక్కటే, ప్యాకెట్ తిప్పి చూడరు. మూలనో వెనకాల బార్‌కోడ్ దగ్గరో యెన్ రేటు ఉంటుంది, వై అక్షరానికి అడ్డంగా రెండు గీతలు ఉన్న గుర్తు వెతకండి.

1. 100 అని ఉన్నా, అసలేమీ లేకపోయినా బేస్ రేటే.

2. 200, 300, 500 ఉంటే గోడకో ర్యాక్‌కో యెన్-డాలర్ చార్ట్ అతికించి ఉంటుంది, అందులో చూడండి. ఫోన్లో కన్వర్ట్ చేయొద్దు, 300 యెన్ అంటే రెండు డాలర్లేగా అనుకుని నేను ఓ గాజు డబ్బా తెచ్చుకుని ఇంటికొచ్చి బిల్లు చూసి నోరెళ్లబెట్టా, చార్ట్‌లో అంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది మరి.

300 పక్కనే 330 కూడా ఉంటే కంగారు పడకండి, అది జపాన్‌లో 10 శాతం ట్యాక్స్ కలిపిన రేటు, మనం చార్ట్‌లో చూడాల్సింది 300 లైనే.

3. పైన సేల్స్ ట్యాక్స్, మీ డాలస్‌లో 8.25 శాతం.

ఇప్పుడు ఆ ప్యాకెట్లు, బిల్లు పక్కపక్కన పెట్టి చూడండి, తేడా తెలిసిపోద్ది.