ఒరిగిపోతున్న సిల్క్ పూల గుత్తులకు

చెల్లి పెళ్లికి మీరు చేసిన సిల్క్ పూల గుత్తులు ఓ పక్కకి ఒరిగిపోతున్నాయని, చూడగానే ప్లాస్టిక్ అని తెలిసిపోతోందని రాశారు కదా. టెన్షన్ పడకండి, రెండూ సరిచేయొచ్చు.

ఒరగడానికి కారణం మీరు వాడానన్న ఆకుపచ్చ ఫోమే. అది నీళ్లు పీల్చుకుని తాజా పూలను నిలబెట్టడానికి చేసింది. పొడిగా వాడితే కాడ గుచ్చిన చోట పొడి రాలి, రంధ్రం వదులైపోతుంది. కృత్రిమ పూల కోసం గట్టిగా ఉండే డ్రై ఫోమ్ వేరే దొరుకుతుంది. కుండీ అడుగున బరువుకి గులకరాళ్లు పోసి, పైన ఫోమ్ బిగించండి. కాడలో తీగ ఉంటుంది కాబట్టి కత్తెర వద్దు, కటింగ్ ప్లేయర్ వాడండి. చివర వేడి గ్లూ పెట్టి గుచ్చితే ఇక కదలదు. (ఫోమ్ బదులు థర్మాకోల్ వాడితే, గ్లూ మరీ వేడిగా ఉంటే అది కరిగిపోతుంది, జాగ్రత్త.)

ఇక ప్లాస్టిక్ లుక్ సంగతి. నలిగిన రేకులకు కాస్త దూరం నుంచి ఆవిరి పట్టి, వేళ్లతో విప్పండి. కాడలను కొంచెం వంచండి. అన్ని పూలూ ఒకే ఎత్తులో మనవైపే చూస్తుంటేనే అనుమానం వస్తుంది. కొన్నింటిని పక్కకి, ఒకటి రెండు కిందకి తిప్పండి. నీటి చుక్కల్లా కనబడేలా జిగురు బొట్లు అంటించిన పూలు మాత్రం పక్కన పెట్టేయండి, ఫొటోల్లో అవే పట్టిస్తాయి. భోజనాల టేబుల్ మీదవైతే ఎత్తు 30 సెంటీమీటర్లు దాటనివ్వకండి, ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖం కనబడాలి.