అనస్టేషియా పార్కుకు వెళ్లే ముందు

అమ్మలూ,

సెయింట్ అగస్టీన్ ఊరి పక్కన సముద్రం ఒడ్డునున్న అనస్టేషియా స్టేట్ పార్కులో రెండు రాత్రులకు క్యాంప్‌సైట్ దొరికిందని నువ్వు చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. అక్కడున్నవి 139 సైట్లే. ఫ్లోరిడావాళ్లకి 11 నెలల ముందే బుకింగ్ తెరుస్తారు కాబట్టి, మంచి రోజులు చూస్తుండగానే అయిపోతాయి. మీ అత్తగారు, మామగారు కూడా వస్తున్నారు కదా, అందుకే ఫోన్లో తొందర తొందరగా చెప్పకుండా రాసి పంపుతున్నాను.

జాక్సన్‌విల్ నుంచి సెయింట్ అగస్టీన్ గంట దారే. ఆ గంట దారే మనవాళ్ల కొంప ముంచుతుంది. తీరిగ్గా టిఫిన్ చేసి పదకొండుకి బయల్దేరతారు, మిట్టమధ్యాహ్నం ఇసుకలో కాళ్లు కాల్చుకుంటారు, సాయంత్రానికి తలనొప్పితో ఇల్లు చేరతారు. మీరు అక్కడే పడుకుంటున్నారు కాబట్టి తెల్లారకముందే బీచ్‌కి నడవండి. సూర్యలంకలో లాగే ఇక్కడా సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. మామగారికి అది చూపించు. తొమ్మిదిన్నర, పది కల్లా చెట్ల నీడకి వచ్చేయండి.

ఊళ్లో పాత స్పానిష్ కోట చూడకముందే దాన్ని కట్టిన రాయి పుట్టిన చోటు చూడండి. పార్కు గేటు దగ్గరే స్పానిష్‌వాళ్లు ఆ రాయి తవ్విన పాత క్వారీ ఉంది. ఆ రాయిని కొకీనా అంటారు. ముఖం దగ్గర పెట్టి చూస్తే రాయిలా ఉండదు. వేలి గోరంత ఆలిచిప్పలు, విరిగిన ముక్కలు వేలకొద్దీ ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తాయి. తవ్వినప్పుడు మెత్తగా ఉంటుంది, గాలి తగిలి ఆరేకొద్దీ గట్టిపడుతుంది. 1672లో మొదలుపెట్టి 1695 దాకా ఈ రాయితోనే కాస్టీయో డి శాన్ మార్కోస్ అనే ఆ కోట కట్టారు. 1702లో ఇంగ్లీషువాళ్లు ముట్టడించినప్పుడు ఫిరంగి గుండ్లు గోడని పగలగొట్టలేకపోయాయి, అందులోనే కూరుకుపోయాయి. పిల్లలు పొద్దున క్వారీ, సాయంత్రం కోట చూశారనుకో, ఆ కథ మళ్లీ చెప్పక్కర్లేదు. కోట మాత్రం నేషనల్ పార్క్ వాళ్లది, దాని టికెట్ వేరే.

ఇక అసలు మాట. అల్లుడికి ఈత వచ్చని నువ్వు ధైర్యంగా చెప్పావు. నేనూ గోదావరి కాలువలో ఈత నేర్చినవాణ్ణే. ఇక్కడికి వచ్చిన మూడో ఏడు, ఛాతీ లోతు నీళ్లలో నిలబడి ఉండగా కాళ్ల కింద ఇసుక జారిపోయింది. చూస్తుండగానే లోపలికి లాగేసింది. ఒడ్డుకేసి ఎంత ఈదినా ఒడ్డు దూరమవుతోందే గానీ దగ్గరవలేదు. చేతులు పడిపోయాయి. సర్ఫింగ్ చేస్తున్న కుర్రాడొకడు "పక్కకి, పక్కకి" అని అరవబట్టి ఒడ్డుకి సమాంతరంగా ఈది బయటపడ్డాను. దాన్ని రిప్ కరెంట్ అంటారు. దానితో కొట్లాడకూడదు. వెల్లకిలా తేలుతూ ఊపిరి పీల్చుకుని, పక్కకి ఈది, ఆ లాగుడు తగ్గాక ఒడ్డుకి రావాలి. ఇది అల్లుడికీ పిల్లలకీ ఇంట్లోనే రెండుసార్లు చెప్పించు. బీచ్‌లో హెచ్చరికగా ఎగరేసే జెండా ఎర్రగా ఉంటే పిల్లల్ని దింపొద్దు. రెండు ఎర్ర జెండాలంటే ఎవరూ దిగకూడదు. ఊదా రంగుదైతే నీళ్లలో జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని.

ఉరుము వినపడితే సామాన్లు సర్దుతూ కూర్చోకండి, కారెక్కేయండి. ఎండాకాలం మధ్యాహ్నాలు అక్కడ పిడుగులు ఎక్కువ.

అలల భయం లేకుండా మీ అత్తగారిని నీళ్ల మీద తిప్పాలంటే సాల్ట్ రన్ ఉంది. మన ఉప్పుటేరు లాంటిదే. కయాక్‌లు, అంటే చిన్న తెడ్డు పడవలు, అద్దెకిస్తారు. ముందు ఆటుపోట్ల టైములు ఫోన్లో చూసుకోండి. పాటు లాగేటప్పుడు ఎదురు తెడ్డు వేయడం పెద్దవాళ్ల వల్ల కాదు. కారులో ఇంకో పావు రోజు తిరిగే ఓపిక ఉంటే దక్షిణాన వాషింగ్టన్ ఓక్స్ పార్కుకి నీళ్లు తగ్గే వేళకి వెళ్లండి. అదే కొకీనా అక్కడ ఒడ్డునే బండలు బండలుగా బయటపడి ఉంటుంది.

మే నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. రాత్రి బీచ్‌లో టార్చ్ వేయనివ్వకు, వెలుతురు చూస్తే అవి దారి తప్పుతాయి. పిల్లలు తవ్విన గుంటలు పూడ్చి రండి, పిల్ల తాబేళ్లు వాటిలో పడితే పైకి ఎక్కలేవు. ఇసుక దిబ్బల మీద గడ్డి కంకులు ముచ్చటగా ఉన్నాయని తుంచొద్దు. అది నేరం కూడా.

పులిహోర, పెరుగన్నం తీసుకెళ్తావు కదా, రాత్రి ఒక్క గిన్నె కూడా బల్ల మీద వదలకు. రాకూన్లని అక్కడి అడవి జంతువులు, డబ్బా మూతలు తీసేస్తాయి. అన్నీ కారులో పెట్టి తాళం వెయ్యి. సాయంత్రం గాలి ఆగితే కంటికి ఆనని పురుగులు కుడతాయి, పెద్దవాళ్లకి నిండు చేతుల చొక్కాలు పెట్టు.

మా టెంటు గరాజ్‌లో తీసి ఉంచాను, శుక్రవారం వచ్చి తీసుకెళ్లు. ఇసుకలో మామూలు మేకులు నిలవవని పొడుగువి పదహారు వేశాను, తిరిగొచ్చేటప్పుడు లెక్కపెట్టుకో.

మీ పెద్దనాన్న